చూపే మౌస్ అయితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చేతులు ఆడనివాళ్ళు కంటిచూపుతో కంప్యూటర్ నడపడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నరాలు క్రమంగా చచ్చుబడే జబ్బు). చేతులు పడిపోయాయి, మాట కూడా పోయింది. స్క్రీన్ కింద బిగించే ఐ ట్రాకర్ తెచ్చాం. పొద్దున కాలిబ్రేషన్ చేస్తే చక్కగా వస్తుంది. అరగంట గడిచేసరికి ఆయన ఒక వరస చూస్తుంటే కర్సర్ దాని కింది వరసలో పడుతోంది. మళ్ళీ కాలిబ్రేషన్, మళ్ళీ అదే తంతు. ట్రాకర్ మార్చమంటారా?

మార్చకండి. ఇలాంటి ఫిర్యాదుల్లో ట్రాకర్ తప్పు ఉండేది తక్కువ. మనిషిని కూర్చోబెట్టిన తీరు, స్క్రీన్ నిలబెట్టిన తీరు చూడండి. తప్పు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ముందు ట్రాకర్ ఏం చూస్తోందో చెప్పుకుందాం. అందులోని ఎల్‌ఈడీలు మన కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును ముఖం మీద వేస్తాయి. చాలావాటిలో దాని తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ వెలుగు కార్నియా మీద, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర మీద, ఒక మెరుపుచుక్కగా కనబడుతుంది. కెమెరా రెండింటిని పట్టుకుంటుంది: కంటిపాప నడిబిందువు, ఈ మెరుపుచుక్క. కన్ను తిరిగితే పాప జరుగుతుంది, చుక్క మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎడం ఎంత, ఏ దిక్కుగా ఉందన్నదాన్ని బట్టి చూపు ఎటో లెక్క తేలుతుంది. స్క్రీన్ మీద అక్కడక్కడ కనిపించే చుక్కలను, మామూలుగా తొమ్మిదింటిని, ఒక్కొక్కటిగా చూపించి ఆ లెక్కను ఒక మనిషి కంటికి సరిపెట్టడమే కాలిబ్రేషన్.

మీ నాన్నగారి విషయంలో అనుమానాలు రెండు. ఒకటి, అలసటతో పైరెప్ప వాలడం. రెప్ప పాప పైభాగాన్ని కప్పేస్తే మిగిలి కనబడే ముక్క నడిబిందువు కిందికి దిగుతుంది, దాంతోపాటే కర్సరూ దిగుతుంది. రెండోది, కుర్చీలో తెలియకుండానే కొంచెం కొంచెంగా కిందికి జారిపోవడం. ఏది కారణమో తేల్చడం సులువే. చాలా ట్రాకర్ల సాఫ్ట్‌వేర్‌లో కళ్ళు రెండు చుక్కలుగా కనిపించే చిన్న విండో ఉంటుంది. కర్సర్ తప్పుతున్న సమయంలోనే అది తెరవండి. చుక్కలు మధ్యలోనే ఉండి కర్సర్ దిగితే అది రెప్ప పని. చుక్కలు అంచుకు చేరినా, ఉండుండి మాయమవుతున్నా మనిషి జారిపోయినట్టు.

జారుతుంటే కాలిబ్రేషన్ జోలికి పోకండి. నడుమును కుర్చీ వెనక్కి ఆనించి, మోకాళ్ళ కింద ఆసరా పెట్టి, మెడకు రెండు పక్కలా దన్ను ఇచ్చి, ఆ తర్వాత స్క్రీన్‌ను మనిషికి తగ్గట్టు జరపండి. మనిషిని స్క్రీన్‌కు తగ్గట్టు జరపకూడదు, ఎందుకంటే ఆ భంగిమ నిలవదు. టేపుతో కొలవండి: కంటికీ ట్రాకర్‌కూ మధ్య 50 నుంచి 65 సెంటీమీటర్లు. స్క్రీన్ ముఖానికి సమాంతరంగా ఉండాలి. ఆయన 30 డిగ్రీలు వెనక్కి వాలి కూర్చుంటే స్క్రీన్ పైఅంచు కూడా 30 డిగ్రీలు ఆయన వైపు వంగాలి. బల్ల మీద నిటారుగా పెట్టిన స్క్రీన్‌ను వాలుకుర్చీలోంచి చూస్తే ట్రాకర్‌కు కళ్ళ కంటే ముక్కురంధ్రాలే బాగా కనిపిస్తాయి! పడక మీద వాడేటప్పుడు స్టాండు చెయ్యి బరువు ఆపగలదో లేదో ముందే చూసుకోండి. జాయింటు సడలినా కింద పడకుండా రెండో పట్టీ ఒకటి కట్టండి.

రెప్ప వాలుతుంటే స్క్రీన్ మరీ కిందుగా ఉందేమో చూడండి. కిందికి చూసినప్పుడు రెప్పలు ఇంకా మూసుకుంటాయి. తరచూ వాడే గళ్ళను, అంటే స్క్రీన్ మీది అక్షరాల, మాటల బటన్లను, పై వరసల్లోకి మార్చండి. కాలిబ్రేషన్ పొద్దున తేటగా ఉన్నప్పుడు ఒకటి, సాయంత్రం అలసినప్పుడు ఒకటి విడివిడిగా చేసి, రెండు ప్రొఫైళ్ళుగా దాచుకుంటే రోజూ జరిగే తంతు తప్పుతుంది.

ఇంకొకటి: కాలిబ్రేషన్ అయ్యాక వచ్చే ఫలితం బొమ్మలో ఏ ఒకటి రెండు చుక్కలో చెదిరితే ఆ చుక్కలనే మళ్ళీ చేయండి. తొమ్మిదీ మొదటినుంచి చేయిస్తే అలసట పెరుగుతుంది, రెండోసారి ఫలితం ఇంకా దిగజారుతుంది.

ప్రశ్న: చూసిన ప్రతిదీ క్లిక్ అయిపోతోంది. ఊరికే స్క్రీన్ వంక చూడడానికి కూడా భయపడుతున్నారు. మార్గం ఉందా?

దీనికి ఈ రంగంలో పాత పేరే ఉంది: మిడాస్ స్పర్శ. ముట్టుకున్నదల్లా బంగారమైపోయిన గ్రీకు రాజు కథ నుంచి వచ్చింది. రాబర్ట్ జేకబ్ అనే పరిశోధకుడు 1990ల మొదట్లోనే దీన్ని వివరంగా చర్చించాడు. మనకు కన్ను ఉన్నది చూడడానికి. దానిచేత నొక్కే పని కూడా చేయిస్తున్నాం, చిక్కంతా అక్కడ.

మామూలు విరుగుడు డ్వెల్ టైమ్. ఒక గడి మీద చూపు ఇంతసేపు ఆగితేనే క్లిక్ అని పెట్టే గడువు అది. చదివేటప్పుడు కన్ను ఒక్కోచోట సెకనులో నాలుగో వంతు ఆగుతుంది. కాబట్టి గడువు 300 మిల్లీసెకన్లు పెడితే కొత్తవాళ్ళకు చూసిందల్లా నొక్కుకుపోతుంది. 1000తో మొదలుపెట్టండి. తప్పు క్లిక్కులు తగ్గాక వారానికో 50, 100 తగ్గించుకుంటూ రండి. ఫిన్లాండ్‌లోని టాంపెరె విశ్వవిద్యాలయంలో పైవి మజరంత బృందం 2009లో ఇలా గడువును వాడేవాళ్ళ చేతికే వదిలేసి చూసింది. పది సెషన్లలో వాళ్ళు సగటున 876 మిల్లీసెకన్ల నుంచి 282కి దిగారు, టైపింగ్ వేగం నిమిషానికి 6.9 పదాల నుంచి 19.9కి ఎక్కింది. అది ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగం, జబ్బు ముదురుతున్న మనిషిని ఆ లెక్కతో పోల్చి తొందరపెట్టకూడదు. నిమిషానికి ఐదారు పదాలు వస్తే సంభాషణ నడుస్తుంది.

గడువు కంటే ముఖ్యమైనది విశ్రాంతి గడి. ఒక మూల "ఆపు" గడి పెట్టండి. దాన్ని చూస్తే క్లిక్కులన్నీ ఆగిపోవాలి, మళ్ళీ దాన్నే చూస్తేగాని మొదలవకూడదు. సినిమా చూడాలన్నా, ఎదుటి మనిషి ముఖంలోకి చూసి మాట వినాలన్నా ఇది తప్పనిసరి. ఇది లేకుండా అమర్చిన సిస్టమ్‌ను నాలుగు రోజుల్లో పక్కన పెట్టేస్తారు. "పంపు", "తుడిచెయ్యి", "షట్‌డౌన్" లాంటి గళ్ళకు మాత్రం గడువు రెట్టింపు ఉంచండి.

రెప్ప కొట్టి క్లిక్ చేసే పద్ధతి వినడానికి బాగుంటుంది. అయితే రెప్ప దిగుతున్నప్పుడు పాప సగం మూసుకుని, క్లిక్ పడే క్షణానికే కర్సర్ కిందికి జారుతుంది. ఒక్క వేలో, దవడో, పాదమో కాస్త కదిలితే చూపుతో గురిపెట్టి ఆ కదలికతో స్విచ్ నొక్కించడం అన్నిటికంటే హాయి.

ప్రశ్న: లాప్‌టాప్‌లో కెమెరా ఉండగా వేరే ట్రాకర్ ఎందుకు?

లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల దూరంలో ఒక డిగ్రీ కోణం స్క్రీన్ మీద దాదాపు ఒక సెంటీమీటరు. మంచి ఇన్‌ఫ్రారెడ్ ట్రాకర్ అర నుంచి ఒక డిగ్రీ లోపల గురి చూపుతుంది. గురి ఏ పక్కకైనా తప్పవచ్చు కాబట్టి గడి కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి, రెండున్నర అయితే నిశ్చింత. మామూలు వెబ్‌క్యామ్‌తో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆ మెరుపుచుక్క ఆధారం ఉండదు, దాని తప్పు నాలుగు డిగ్రీలవరకూ పోతుంది. అంటే గడి ఎనిమిది సెంటీమీటర్లకు పైనే ఉండాలి. 15.6 అంగుళాల స్క్రీన్‌లో ఎనిమిది గళ్ళకు మించి పట్టవు. అవును, కాదు, నీళ్ళు, నొప్పి, పక్కకు తిప్పండి, పిలవండి అని ఆరు మాటలకు అది చాలు. టైపింగ్‌కు చాలదు.

ట్రాకర్ ఉన్నా విండోస్‌లోని చిన్న చిన్న బటన్లు అందవు. డిస్‌ప్లే స్కేలింగ్ 150 నుంచి 200 శాతం చేయండి. చూసినచోటు ముందు పెద్దదై, అందులో మళ్ళీ ఎంచుకునే జూమ్ సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉంటే వాడండి.

ఫోన్, టాబ్లెట్ మాటకొస్తే, 2024లో వచ్చిన ఐఓఎస్ 18తో ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో ముందు కెమెరాతోనే ఐ ట్రాకింగ్ పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. చేత్తో పట్టుకుంటే రాదు, కదలని స్టాండులో ముఖానికి 45 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. "స్నాప్ టు ఐటమ్" ఆన్ చేస్తే చూపుకు దగ్గరున్న బటన్‌కు గురి తనంతట అతుక్కుంటుంది.

తల కాస్త తిప్పగలిగితే కన్ను వదిలేసి తలనే వాడండి. బోస్టన్ కాలేజీలో తయారైన కెమెరా మౌస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ముక్కుకొననో, కనుబొమ మూలనో పట్టుకుని దాని కదలికతో కర్సర్ నడుపుతుంది. దానికి ఉత్త వెబ్‌క్యామ్ చాలు. మెడ మీద పట్టున్న వాళ్ళకు కూడా ఐ ట్రాకరే కొనిపిస్తుంటారు. తల గురి నిలకడగా ఉంటుంది, కళ్ళు చూసే పనికి మిగులుతాయి.

ప్రశ్న: స్టీఫెన్ హాకింగ్ కళ్ళతోనే రాసేవాడు కదా?

కాదు. మొదట చేతిలో స్విచ్ ఉండేది. చెయ్యి పోయాక కళ్ళద్దాలకు బిగించిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఆయన చెంప కండరం కదలికను పట్టేది. స్క్రీన్ మీద వెలుగు గడి గడికీ నడుస్తుంటే కావలసినచోట చెంప బిగించి ఆపేవాడు. దీన్ని స్కానింగ్ అంటారు. కింది ప్రశ్నకు కూడా ఇదే అక్కరకొస్తుంది.

ప్రశ్న: అన్నయ్యకు మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చింది. అన్నీ అర్థమవుతున్నాయి. కళ్ళు పైకీ కిందికీ తప్ప పక్కలకు కదలవు. ఐ ట్రాకర్‌తో అక్షరాలు రావడం లేదు.

దీన్ని లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అంటారు. మెదడు కాండంలో పాన్స్ అనే భాగం ముందువైపు దెబ్బతింటే చూపును పక్కలకు తిప్పే దారి పోతుంది. పైకీ కిందికీ తిప్పే కేంద్రం దానికంటే పైన ఉంటుంది కాబట్టి అది నిలుస్తుంది, రెప్ప ఎత్తడమూ నిలుస్తుంది. కాబట్టి మామూలు కీబోర్డు ఆయనకు రాదు. దాన్ని చూపించి విసిగించవద్దు.

స్క్రీన్‌ను అడ్డంగా మూడు పట్టీలు చేయండి: పైన ఒకటి, మధ్యలో విశ్రాంతి, కింద ఒకటి. పైపట్టీ చూస్తే "తర్వాతిది", కిందిపట్టీ చూస్తే "ఇదే". ఈ రెండు చాలు, వర్గాలనూ వర్గంలో అక్షరాలనూ నడిపించవచ్చు. లేదంటే స్కానింగ్ పెట్టి, రెప్పపాటును స్విచ్‌గా వాడండి. మామూలు రెప్పపాటు సెకనులో మూడో వంతు లోపలే అయిపోతుంది కనుక అర సెకను దాటి మూసినదే లెక్కలోకి వచ్చేలా పెట్టాలి. స్కానింగ్ వెలుగు గడికి రెండు సెకన్లు ఆగేలా మొదలుపెట్టండి.

యంత్రం కంటే ముందు ఇంట్లోవాళ్ళంతా ఒకే సంకేతానికి కట్టుబడాలి. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. ఒకరు రెప్పపాటు లెక్కబెట్టి, ఇంకొకరు పైచూపు అడిగితే ఆయన చెప్పింది ఎవరికీ అందదు.

ప్రశ్న: తెలుగులో టైప్ చేయడం ఎలా? కీబోర్డు మీద గుణింతాలు, ఒత్తులతో గళ్ళు మరీ చిన్నవైపోతున్నాయి.

చూపుతో రాసేవాళ్ళకు లెక్క గళ్ళది. "నీళ్లు" అన్న మాటకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో (భారతీయ భాషలకు ఖరారైన తెలుగు అక్షరాల అమరిక) ఆరు నొక్కులు: న, దీర్ఘ గుడి, ళ, పొల్లు, ల, కొమ్ము. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా ఆరే. నొక్కుల్లో తేడా పెద్దగా లేదు. గళ్ళలో ఉంది. ఇంగ్లీషు అక్షరాలు 26, ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ నొక్కితే వచ్చే రెండో పొర కూడా కావాలి. కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు అలవాటున్నవాళ్ళకు, వాటితో కొట్టిన మాటను తెలుగులోకి మార్చే ఫోనెటిక్ కీబోర్డే మేలు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫోనెటిక్ వచ్చింది. రెండు మూడు అక్షరాలు కొట్టగానే వచ్చే మాటల జాబితాలోంచి ఎంచుకోవచ్చు. ఒక మెలిక: కొన్ని చూపు కీబోర్డులు నొక్కును కాకుండా తయారైన అక్షరాన్నే నేరుగా పంపుతాయి. అప్పుడు ఫోనెటిక్ దాన్ని పట్టుకోలేదు, ఇంగ్లీషు అక్షరాలు అలాగే పడిపోతాయి. అలా జరిగితే విండోస్ సొంత ఆన్‌స్క్రీన్ కీబోర్డును తెరిచి, ఆప్షన్స్‌లో "హోవర్ ఓవర్ కీస్" పెట్టి, దాన్ని స్క్రీన్ నిండా సాగదీసి, ట్రాకర్‌తో కర్సర్‌ను మాత్రం నడపండి.

తెలుగు లిపి తప్ప రాని పెద్దవాళ్ళకు రెండంచెల గళ్ళు పెట్టాలి. మొదటి స్క్రీన్‌లో వర్గాలు, ఒకటి చూస్తే ఆ వర్గంలోని అక్షరాలు పెద్దవై తెరుచుకోవడం. నొక్కులు పెరుగుతాయి, తప్పులు మాత్రం బాగా తగ్గుతాయి. ఏ పద్ధతైనా రోజూ అనే మాటలను అక్షరాలతో రాయించవద్దు. గడువూ చూపు జరిగే సమయమూ కలిపి ఒక్క "నీళ్లు"కే పది సెకన్లు పడుతుంది. రోజుకు రెండుసార్లయినా వచ్చే వాక్యాలు పది పన్నెండు రాసిపెట్టుకుని, ఒక్కోదానికి ఒక గడి ఇవ్వండి. ఆ వాక్యాలు ఆయన మాట్లాడే తీరులోనే ఉండాలి. "దయచేసి నాకు సహాయం చేయండి" అని ఇంట్లో ఎవరంటారు?

ప్రశ్న: అమ్మకు కళ్ళజోడు, పైగా శుక్లాల ఆపరేషన్ అయింది. పనికొస్తుందా?

చాలామందికి పనికొస్తుంది. అద్దం మీద కూడా మెరుపుచుక్కలు పడి ట్రాకర్‌ను తికమకపెడతాయి. అద్దాలు తుడవండి, కాడలు కాస్త ఎత్తి అద్దం కొద్దిగా కిందికి వాలేలా చేయండి, మెరుపు పక్కకు తప్పుకుంటుంది. దగ్గరికీ దూరానికీ ఒకే అద్దంలో గీత ఉండే బైఫోకల్స్ అన్నిటికంటే ఇబ్బంది. పాప ఆ గీత దాటినప్పుడల్లా గురి గెంతుతుంది. స్క్రీన్ దూరానికి సరిపోయే ఒకే పవర్ అద్దాలు వేరుగా చేయించండి. లోపల అమర్చిన కృత్రిమ లెన్స్ కొన్ని కోణాల్లో అదనపు మెరుపు ఇస్తుంది. అలాంటప్పుడు ట్రాకర్‌ను రెండో కన్ను మాత్రమే చూడమని సెట్ చేయండి. మెల్లకన్నుకూ అదే ఉపాయం.

వెలుగు సంగతి కూడా: ఎండలో, హాలోజన్ దీపంలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. కిటికీ మనిషి వెనక ఉంటే ఎండ కెమెరాలోకి కొడుతుంది, ఎదురుగా ఉంటే కళ్ళలో అదనపు చుక్కలు పుడతాయి. పరదా వేయండి. మామూలు ఎల్‌ఈడీ దీపాలతో బాధ లేదు.

ప్రశ్న: రోజంతా ఇన్‌ఫ్రారెడ్ పడితే కళ్ళు పాడవవా?

వెలుగు భద్రతకు ఐఈసీ 62471 అనే ప్రమాణం ఉంది. దానికి లోబడిన ట్రాకర్‌ను చెప్పిన దూరంలో వాడితే భయం లేదు. సొంతంగా ఎల్‌ఈడీలు కొని ముఖానికి దగ్గరగా బిగించే ప్రయోగాలకే భయపడాలి. వెలుగు మిణుకులకు మూర్ఛ వచ్చేవాళ్ళు మాత్రం డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. అసలు బాధపెట్టేది కళ్ళు పొడిబారడం. గురిపెట్టి చూసేటప్పుడు రెప్పపాట్లు తగ్గిపోతాయి. మొదటి వారం ఒక్కోసారి పదిహేను నిమిషాలకు మించవద్దు. మంట, ఎరుపు కనిపిస్తే కంటి డాక్టరు చెప్పిన చుక్కలు వేయండి. చుక్కలు వేయగానే కన్నీటి పొర మెరుపుచుక్కను చెదరగొడుతుంది, పది నిమిషాలు ఆగి కూర్చోబెట్టండి.

ప్రశ్న: పాపకు ఆరేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి). కాలిబ్రేషన్ చుక్కల వంక చూడనే చూడదు. తెలివి చాలదేమో అంటున్నారు.

ఆ మాట నమ్మకండి. కదిలే చుక్క ఏ పిల్లకైనా విసుగే. చుక్క బదులు పాపకు ఇష్టమైన బొమ్మ శబ్దంతో కదిలేలా పెట్టండి, తొమ్మిదికి బదులు రెండు చుక్కలు చాలు. గురి అంత బాగా రాదు, రానక్కర్లేదు కూడా. మొదటి నెల స్క్రీన్‌లో రెండే గళ్ళు: ఎటు చూస్తే అటు ఏదో ఒకటి జరగాలి, బుడగ పగలాలి, పాట మోగాలి. సరైన జవాబు, తప్పు జవాబు అనేవి అప్పుడే పెట్టవద్దు. కళ్ళు వాటంతటవే అదురుతుంటేనో, దృష్టిని మెదడు గ్రహించడంలోనే లోపం ఉంటేనో గళ్ళు ఇంకా పెద్దవి చేసి, నల్లని నేపథ్యం మీద ఒకే ముదురు రంగు బొమ్మ పెట్టాలి. కంటి డాక్టరు పరీక్ష దీనికంటే ముందే జరగాలి.

ప్రశ్న: కరెంటు పోయినా, కంప్యూటర్ మొరాయించినా ఏం చేయాలి?

పారదర్శకమైన బోర్డు ఒకటి చేసిపెట్టుకోండి. ఈట్రాన్ ఫ్రేమ్ అని 1970ల నుంచీ వాడుకలో ఉంది. ట్రాకర్ ఉన్న ఇంట్లో కూడా ఇది ఉండి తీరాలని మా సలహా. 3 మిల్లీమీటర్ల మందం, ఏ3 కాగితం సైజు అక్రిలిక్ షీటు తీసుకోండి. అంచులు గీసుకోకుండా టేపు అంటించండి. మధ్యలో అరచేయంత చతురస్రం కోయించండి, దానిలోంచి మీరు అవతలి మనిషి కళ్ళు చూస్తారు. చుట్టూ ఎనిమిది చోట్లు వస్తాయి: నాలుగు మూలలు, పైన కింద మధ్యలు, రెండు పక్కలు.

మన వర్ణమాల దీనికి కొలిచినట్టు సరిపోతుంది. క, చ, ట, త, ప వర్గాలకు ఐదు చోట్లు. య ర ల వ ఒకచోట, శ ష స హ ళ ఒకచోట. ఎనిమిదోది అచ్చులకు; అవి ఎనిమిదికి మించుతాయి కనుక అ, ఆ లాంటి హ్రస్వ దీర్ఘాల జంటకు ఒకే దిక్కు ఇవ్వండి. ఒక్కో చోట అక్షరాలను కూడా బోర్డు ఆకారంలోనే, దేని దిక్కున అది ఉండేలా అంటించండి. మొదటి చూపు వర్గాన్ని చెబుతుంది, రెండో చూపు ఆ వర్గంలో ఏ దిక్కు అక్షరమో చెబుతుంది. మధ్యలోకి మీ కళ్ళలోకి చూస్తే అక్షరం పూర్తయినట్టు. ఙ, ఞ ఎవరికీ పనిపడవు, ఆ రెండు చోట్లలో "కాదు, చెరిపెయ్యి", "మాట అయిపోయింది" అని పెట్టండి. గుణింతం మొత్తం చెప్పించనక్కర్లేదు: "మ, ద" అనగానే "మందా?" అని మీరే అడగండి, అవునంటే సరి.

అక్షరాలు షీటుకు రెండు వైపులా అంటించాలి, లేకపోతే మీ వైపు నుంచి అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపిస్తాయి. పట్టుకునేటప్పుడు ఇద్దరి ముఖాలకూ సరిగ్గా మధ్యలో, చెరో మూరెడు దూరంలో నిలపండి. చూపు ఎటు ఆగిందో అనుమానంగా ఉంటే బోర్డును కదపండి: ఆయన చూస్తున్న అక్షరం మీ ఇద్దరి చూపులకూ ఒకే గీతలోకి వచ్చేదాకా.